గెలిచినవానికి కోస

ఇటు కృష్ణనీటిని అటు గోదావరినీటిని కలుపుచు ఏలూరి నడుమ నిదానముగా సాగిపోవు కాలువ గట్టున, ఒక రావిచెట్టు నీడలో, రెండు కర్రబల్లలును ఒక గ్యాసుపొయ్యియు మాత్రమే ఆస్తిగా గల టీకొట్టు ఒకటి కలదు. ప్రతి ఆదివారమును సాయంకాలము అయిదు గంటల వేళకు, ఎండ నీటిమీద పసుపువన్నెకు తిరుగుచుండగా, అచ్చటికి మేము అయిదుగురము చేరుదుము: జిల్లాపరిషత్తు పాఠశాలలో లెక్కలు చెప్పి చెప్పి గొంతు బొంగురుపోయిన మాస్టారు, తాడేపల్లిగూడెము ఉల్లిపాయల మార్కెట్టులో పద్దులు వ్రాయుచు, ఉంగుటూరు, పూళ్ళ, భీమడోలు, దెందులూరు మీదుగా పాసింజరు బండిలో వచ్చు గుమాస్తా, గుడివాకలంకలో చేపలచెరువు సాగుచేయు మా బావ, గూడెములోని నిట్‌లో కంప్యూటరు చదువు చదువుచున్న మాస్టారి మేనల్లుడు, వీరి మాటలను వినుటకును, వీలైనచోట ఒక మాట కలుపుటకును వచ్చు నేను.

మేము కూర్చున్న వెంటనే ఒకరినొకరము అడిగికొను మొదటి ప్రశ్న కుశలప్రశ్న కాదు. వాన పడినదా, చేప ధర ఎంత పలికినది, అమ్మాయి సంబంధము ఎంతవరకు వచ్చినది అనునవి తరువాతి మాటలు. మొదటిది, ‘ఎక్కడ దిగారు?’ అనునది. రైలు దిగుటను గూర్చి అడుగుచున్నామని తలచి, టీ కలుపు పెద్దాయన మొదటి రెండు వారములును ‘ఆయన పవర్‌పేటలో దిగుతారండి, అక్కడినుంచి నడిచొస్తారు’ అని గుమాస్తా తరఫున తానే బదులు చెప్పెను. మూడవ వారము మేనల్లుడు ఆయనకు ఫోను చూపి విశదీకరించినాడు. పబ్జీ అని లోకము పిలుచు ఆటలో నూరుగురు ఆటగాండ్రు ఒక విమానమునుండి ఒక ద్వీపముమీదికి గాలిగొడుగులతో దూకుదురు. ఎవడు ఎచ్చట దిగినాడన్నదానిని బట్టియే వానికి తుపాకి దొరకుటయు దొరకకపోవుటయు, వాని ఆయువు పెరుగుటయు తరుగుటయు. నాటినుండి ఆ పెద్దాయనయు, టీగ్లాసు చేతికిచ్చుచు, ‘ఎక్కడ దిగారండి?’ అనియే అడుగుచున్నాడు.

మిత్రులు కూడి నవ్వుకొనుచు వీడియో ఆటల ముచ్చట చెప్పుకొనుట ఒక ఆదివారపు సంచికకు తగిన వస్తువా యని శంకించువారు ఉండవచ్చును. తగిన వస్తువే యని నా దృఢవిశ్వాసము. ఆటను గూర్చి మన యిండ్లలో నేడు వినవచ్చు మాటలు రెండే: పిల్లవాడు ‘ఇంకొక్క అయిదు నిమిషాలు’ అనుట, తల్లి ‘ఆ ఫోను అవతల పారెయ్’ అనుట. ఈ రెండు మాటల నడుమ మూడవ మాటకు చోటున్నదని నాకు ఎరుకపరచినది ఆ కాలువగట్టు బల్ల.

మన దేవాలయముల మండపములలో, స్తంభము మొదట, చల్లని రాతిపలకమీద ఉలితో గీసిన త్రికోణపు గీతలను చూడనివారు అరుదు. అది పులిజూదము. మూడు పులులు, పదునైదు మేకలు. పులి మేకమీదుగా దుమికినచో మేక చచ్చును, మేకలన్నియు కలిసి పులిని కదలనీయక బంధించినచో పులి ఓడును. ఆడువారు ఇద్దరే యైనను, వారి చుట్టును మోకాళ్ళమీద చేతులూని వంగి చూచువారు పదిమంది. ఆ పదిమందిలో ఊరకుండువాడు ఒక్కడును లేడు. ‘ఆ మేకను కదపకోయ్, చచ్చావే!’ అని ఒకడు, ‘పులికి ముసలితనం వచ్చిందిరా’ అని వేరొకడు. వామనగుంటల పీటముందు కూర్చున్న ఆడువారి పరిహాసములు ఆ పదునాలుగు గుంటలలోని చింతగింజలకంటె ఎక్కువ. వైకుంఠపాళిలో పెద్దపాము నోట పడి అట్టడుగునకు జారిన పిల్లవానికి ఆ జారుట బాధ కాదు. చుట్టునున్నవారి నవ్వు వానికి బాధయు, ఆ వెంటనే వానికి తోడువచ్చు నవ్వు ఓదార్పును. మన ఆటలు ఈ మాటల నడుమనే పుట్టి పెరిగినవి.

తెర వచ్చిన పిదప ఆటగాడు ఏకాకి యయ్యెనని పెద్దలు వాపోవుచున్నారు. కాని తెరమీది ఆట సయితము నలుగురు కూడుచోటనే కన్నుతెరచినది. 1972లో అటారి సంస్థవారు పాంగ్ అను బంతియాట యంత్రమును మొట్టమొదట నిలిపినది కాలిఫోర్నియాలోని సన్నీవేల్ పట్టణమున ఒక పానశాలలో. కొలదిదినములకే ఆ యంత్రము పనిచేయుట మానినదని కబురురాగా, దానిని నిర్మించిన ఆల్ ఆల్కార్న్ పోయి తెరచి చూచునప్పటికి, లోపల చెడినది ఏమియు లేదు, నాణెముల పెట్టె నిండి పొంగిపోయినది. ఈ కథ మాస్టారికి మిక్కిలి ప్రియమైనది. ‘హుండీ నిండి ఆగిపోయిన దేవుడురా అది’ అని ఆయన ఎన్నిమార్లు చెప్పినను గుమాస్తా అన్నిమార్లును క్రొత్తగా వినినట్లే నవ్వును.

గుమాస్తాకు ఆటలతోడి చుట్టరికము తొంబదులలో ఏర్పడినది. ఆనాడు మా పట్టణములలో వీధికొక వీడియో గేముల కొట్టు ఉండెడిది; తడికచాటున రెండు టీవీలు, వానికి తగిలించిన నల్లని పెట్టెలు, గంటకు ఇంతయని రేటు. ఆట రాకపోయినచో క్యాసెట్టును ఊడదీసి, దాని నోటిలో గట్టిగా ఊది, మరల గ్రుచ్చెడివారము; అట్లు ఊదుటలో నిపుణుడైన పిల్లవానికి కొట్టులో డబ్బీయకుండ ఆడు గౌరవము దక్కెడిది. సూపర్ మారియో బ్రదర్స్ 1985 నాటిది, కాంట్రా 1987 నాటిది. మా కొట్టులోనికి అవి చాలా ఆలస్యముగా వచ్చినను మాకు అప్పుడే పుట్టినట్లుండెను. కాంట్రాలో మూడవ ఘట్టము జలపాతము. ఇద్దరు కలిసి ఆడునప్పుడు ఒకడు తొందరపడి పైమెట్టుకు ఎగిరెనా, తెర వానితోపాటు పైకి జరిగి, క్రింద మిగిలిన రెండవవాడు చచ్చును. ‘మా స్నేహం విడిపోయింది ఆ జలపాతం దగ్గరేనండి. వాడు నన్నొదిలేసి పైకి పోయాడు, రెండేళ్ళు మాట్లాడలేదు. మళ్ళీ వాడి పెళ్ళిలో కలుసుకుంటే మొదటి మాట అదే అడిగాను, ఎందుకు దూకావురా అని’ అని గుమాస్తా చెప్పినప్పుడు బల్లమీది టీగ్లాసులు కదలునట్లు నవ్వితిమి. ఆ మిత్రుడు చెప్పిన సమాధానము, ‘నువ్వు వెనకే వస్తున్నావనుకున్నాను’ అనునది, నాకు మాత్రము చాలకాలము మనసునుండి పోలేదు.

ఆ ఆటలో ముప్పది ప్రాణములను ప్రసాదించు ఒక మంత్రము కలదు: పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ. గుమాస్తా దీనిని పదమూడవ ఎక్కముకంటె తడుముకొనకుండ అప్పగించును. దీనిని కల్పించినవాడు జపానులోని కొనామి సంస్థలో పనిచేసిన కజుహిసా హషిమోటో. 1986లో గ్రాడియస్ అను ఆటను ఇంటి యంత్రమునకు తగినట్లు మలచుచు, పరీక్షించుటకై తానే ఆడవలసివచ్చి, ఆట తనకే కొరుకుడుపడక ఈ సూత్రమును లోపల అమర్చుకొని, పిదప తీసివేయుట మరచినాడు. ఆయన 2020 ఫిబ్రవరిలో కాలధర్మము చెందినాడని మాకు తెలిసినప్పుడు, గుమాస్తా ఆ ఆదివారము టీ త్రాగుటకు ముందు గ్లాసు బల్లమీద నుంచి, వ్రేలితో గాలిలో ఆ పది గురుతులును వ్రాసి, ఒక నిమిషము ఊరకుండెను. మేమును ఊరకుంటిమి.

మా బావది వేరు దారి. ఆయన ఆడిన మొదటి ఆట నోకియా ఫోనులోని పాము. 1997లో నోకియా 6110 అను ఫోనుకై ఫిన్లండు దేశస్థుడు తనెలి అర్మాంటో దానిని వ్రాసెను. అది మన లంకగ్రామములకు చేరునప్పటికి ఫోనుల రంగులు మారినను పాము నల్లగనే యుండెను. ఆ పాము తన తోకను తాను కరచుకొనినచో చచ్చునను నియమము బావకు ఎన్నడును నచ్చలేదు. ‘కొల్లేట్లో పుట్టి పెరిగానండి మాస్టారూ, ఎన్ని నీరుకట్టెల్ని చూశాను, ఒక్కటైనా తన తోక తాను కరుచుకుని చచ్చిందా? ఆ రాసినాయన నీళ్ళల్లో పాముని చూడలేదు’ అని ఆయన వాదము. ‘అది పాము కాదు బాబాయ్, అత్యాశ’ అని మేనల్లుడు అన్నదే తడవుగా, బావ ‘అయితే మా ఊళ్ళో చాలామందే ఉన్నారు’ అనెను.

ఇక పబ్జీ. ఐర్లండునకు చెందిన బ్రెండన్ గ్రీన్ దాని మూలకల్పకుడు. 2017లో కంప్యూటరునకును, మరుసటి సంవత్సరము ఫోనునకును వచ్చినది. ఎరాంగెల్ అను ఆ మొదటి ద్వీపము ఎనిమిది కిలోమీటర్ల పొడవు, ఎనిమిది కిలోమీటర్ల వెడల్పు. విమానము ప్రసక్తి వచ్చినప్పుడెల్ల గుమాస్తాకు ఊరిమీది అభిమానము పొంగును. రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆంగ్లేయులు తాడేపల్లిగూడెమున విమానములు దిగుటకై వేసిన రన్‌వే నేటికిని కలదు. ‘మాకు రన్‌వే ఉంది, విమానం లేదు. ఆ ఆటలో విమానం ఉంది, దిగడానికి రన్‌వే లేక అందరూ దూకేస్తున్నారు. ఒక్కసారి మా గూడెం మీదుగా పోనిమ్మనండి, మర్యాదగా దించి ఉల్లిపాయ పకోడీ పెట్టి పంపిస్తాం’ అని ఆయన పలికిన నాటినుండి, ఆటలో ఎవడు తప్పుచోట దిగి వెంటనే చచ్చినను, ‘గూడెంలో దిగుంటే బతికేవాడు’ అనుట మా బల్లకు సామెతయైనది.

ఆ ఆటలో తుదివరకు మిగిలినవానికి తెరమీద ‘చికెన్ డిన్నర్’ అను మాట కనబడును. పూర్వము జూదరుల నోట నలిగిన మాట అది. ఈ మాటకు తెలుగేమి యని మాస్టారు ఒకనాడు ప్రశ్నవేయగా, మేనల్లుడు ‘కోడికూర భోజనం’ అనెను, గుమాస్తా ‘విందు’ అనెను, నేను ‘విజయభోజనము’ అంటిని. బావ గ్లాసు దింపి, మాకు తెలియనిది తనకు తెలిసినప్పటి గాంభీర్యముతో, ‘కోస’ అనెను. సంక్రాంతి మూడుదినములలో మా పశ్చిమగోదావరిలో ఏ బరిలోనైనను కోడిపందెమున ఓడి చచ్చిన పుంజు గెలిచిన పుంజు యజమానికి చెందును. దానిని కోస యందురు. దాని మాంసమునకు ఉన్న గిరాకి మరి దేనికిని లేదు. కత్తులు కట్టి పుంజులను చంపుటను చట్టమును న్యాయస్థానమును నిషేధించినవి, ఆ నిషేధము న్యాయమైనదేయని నా నిశ్చయము. అయినను ఆ మాట మాత్రము ఎంత సరిగా అతికినది! ఐర్లండువాని ఆటకు అర్థము గోదావరిజిల్లా నిఘంటువులో దొరకెను. నాటినుండి మాలో గెలిచినవానికి కోస, అనగా ఓడినవాడు కొనిపెట్టు ఒక ప్లేటు మిరపకాయబజ్జి.

ఆ ఆటలో ఒక నీలివలయము కలదు. నూరుగురును ద్వీపమున చెల్లాచెదరుగా నుండగా ఆ వలయము కొంచెము కొంచెముగా కుంచించుకొనుచు వచ్చును. దాని వెలుపల చిక్కినవాడు ఊపిరి తగ్గి నశించును. కావున అందరును లోపలికి లోపలికి పరుగెత్తి, చివరకు ఒక చిన్నపొలమంత చోట ఒకరికొకరు ఎదురుపడుదురు. దీనిని మొదటిసారి వినినప్పుడు బావ చాలసేపు మాటలాడలేదు. పిదప, ‘ఇది మా కొల్లేరే కదరా అబ్బాయ్’ అనెను.

ఆ మాటకు మొదట నవ్వితిమి. పిదప నవ్వు ఆగెను. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలగు ఏరులు తెచ్చు నీటిని కడుపున పట్టి, ఉప్పుటేరు ద్వారమున సముద్రమునకు పంపు ఆ మహాసరస్సు, రెండు డెల్టాల నడుమ ప్రకృతి అమర్చిన పళ్ళెము. 1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్ల మేర దానిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రామ్‌సార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలగా గుర్తింపు వచ్చినది. అయినను చెరువుగట్లు లోలోపలికి నడచుచునే యుండగా, 2006లో ప్రభుత్వము యంత్రములు పెట్టి గట్లను తెగగొట్టించినది. ‘మా నాన్న రోజుల్లో దోనె వేసుకుని పొద్దున్న బయలుదేరితే నీళ్ళే నీళ్ళు. ఇప్పుడు గట్టు, చెరువు, గట్టు, చెరువు. గూడబాతులు ఆటపాకలో చివరి వలయంలో ఉన్నాయి. వాటికి గొడుగులు లేవు, దిగడానికి ఇంకో ద్వీపం లేదు’ అని బావ చెప్పుచున్నప్పుడు, తానును చెరువు సాగుచేయువాడేయని ఆయనకు తెలియును, మాకును తెలియును. ఆయన దాచలేదు. కొల్లేటిని గూర్చి నేను సభలలో వినిన ఉపన్యాసములు పెక్కు; ఆ సాయంకాలము ఒక ఆటలోని వలయము చెప్పినంత సూటిగా వానిలో ఒక్కటియు నాకు చెప్పలేదు.

ఒక ఆదివారము బల్లను విడిచి బావ చెరువుకు పోతిమి. గట్టుమీద తాటాకుల కాపలాపాక, లోపల నులకమంచము, దూలమునకు వ్రేలాడు ఒక బల్బు, దాని చుట్టును పురుగులు. చెరువులో బొచ్చెయు శీలావతియు. చీకటిలో ఏరేటర్లు నీటిని చిలుకుచున్న మ్రోత ఎడతెగక వినబడుచుండెను. రాత్రి గడచినకొలది నీటిలో ప్రాణవాయువు తరిగి, తెల్లవారుజామునకు మిక్కిలి తగ్గును. అప్పుడు ఏరేటరు ఆగినచో చేప పైకి తేలి నోరు తెరచును, గంటలో కాపు అంతయు పోవును. అందుచే కాపలావాడు నిద్రపోరాదు, నిద్రపోకుండుటకు ఆట. బావ మేనల్లునితో జట్టుకట్టి ఆడుచు చివరి వలయమునకు చేరి, మిగిలినవారు నలుగురే అనుకొనుచుండగా కరెంటు పోయెను. మ్రోత ఆగిన నిశ్శబ్దము చెవికి తగులునంతలో ఆయన ఫోనును మంచముమీద పడవైచి, లుంగీ ఎగగట్టి, గట్టువెంబడి జనరేటరు వద్దకు పరుగెత్తెను. మంచముమీది ఫోనులోనుండి, ‘బాబాయ్, ఎక్కడున్నావ్, కవరియ్యి, కవరియ్యి బాబాయ్!’ అని గూడెములోని హాస్టలునుండి మేనల్లుని కేకలు. జనరేటరు దగ్గి, మరల దగ్గి, అందుకొనెను; చక్రములు తిరిగెను; బావ చమటతో వచ్చి ఫోను చూచుకొని, ‘అక్కడ నేను పోయానండి, ఇక్కడ చేపలు బతికాయి’ అనెను. గెలుచుట ఏదో ఓడుట ఏదో ఇంత స్పష్టముగా ఎరిగిన ఆటగానిని నేను వేరొకనిని చూడలేదు.

లంకలలో సిగ్నలు బలహీనము. మనము ఫోనుమీద వ్రేలు నొక్కిన క్షణమునకును, ఆ వార్త దూరముననున్న సర్వరును చేరి తిరిగివచ్చు క్షణమునకును నడుమ కాలమును పింగ్ అందురని, అది సెకనులో వేయింట భాగములలో కొలుతురని మేనల్లుడు వివరించినాడు. అది పెరిగినచో మనము ముందే కాల్చినను మనమే ముందు చచ్చుదుము. ‘అంటే పడవ దాటి వచ్చేసరికి పెళ్ళిభోజనాలు అయిపోవడం’ అని బావ దానిని క్షణములో గ్రహించెను. మాస్టారు ఇప్పుడు తరగతిలో ఆలస్యముగా చేయియెత్తు పిల్లలను మందలింపడు. ‘వీడికి తెలుసు, పింగే ఎక్కువ’ అని ఒక నిమిషము ఆగును. ఆ నిమిషములో సరియైన సమాధానము చెప్పిన పిల్లలు చాలమంది యని ఆయన మాకు సంతోషముతో చెప్పినాడు.

పబ్జీ చరిత్ర మాస్టారి నోట దశావతారకథ వలె నడచును. 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వము మరి 117 యాప్‌లతోపాటు దానిని నిషేధించెను. 2021 జూలై 2న అదే ఆట బీజీఎంఐ అను పేరుతో వచ్చెను. 2022 జూలైలో మరల అదృశ్యమాయెను. 2023 మే నెలలో మరల ప్రత్యక్షమాయెను. ‘ఇంకా మత్స్యం, కూర్మం దగ్గరే ఉన్నాం, వామనుడు వచ్చేసరికి మనవాడి చదువు అయిపోవాలి’ అని మాస్టారు మేనల్లునివైపు చూచును. మేనల్లుడు తల దించుకొని టీ ఊదుకొనును.

మా బల్లవద్ద ఒక్క విషయమును గూర్చి నవ్వు లేదు. గుమాస్తా పనిచేయు మార్కెట్టులో బస్తాలుమోయు ఒక యువకుడు ఒక రమ్మీ యాప్‌లో, సంక్రాంతికి ఇంటికి తీసికొనిపోవలెనని మూడునెలలు దాచిన కూలిడబ్బు మొత్తమును ఒక రాత్రిలో పోగొట్టుకొని, మరునాడు పనికి రాలేదు. గుమాస్తా వెదకికొని పోయి, రైల్వేగేటు వద్ద కూర్చున్నవానిని పిలిచికొనివచ్చి అన్నము పెట్టించెను. మన రాష్ట్రము 2020 సెప్టెంబరులోనే 1974 నాటి గేమింగ్ చట్టమును సవరించి అట్టి ఆన్‌లైను పందెములను నిషేధించినది. 2025 ఆగస్టు 20న లోక్‌సభయు, 21న రాజ్యసభయు ఆమోదింపగా, 22న రాష్ట్రపతి సంతకముతో దేశమంతటికిని చట్టము వచ్చినది: డబ్బు ఒడ్డి ఆడించు ఆన్‌లైను ఆటలు నిషిద్ధములు, నిర్వాహకునకు మూడేండ్లవరకు కారాగారము, కోటిరూపాయలవరకు జరిమానా, ఈ-స్పోర్ట్స్‌కు మాత్రము గుర్తింపు. ఆటను జూదమునుండి వేరుచేసిన ఈ గీత సరియైనదని నేను నమ్ముదును. ఓడినవానిని చూచి మిత్రుడు నవ్వగలిగినది ఆట. వాని ముఖముచూచి నవ్వు రానిది ఆట కాదు. చట్టము వచ్చినదని గుమాస్తా ఆ యువకునికి తానే చెప్పినాడు. ఇప్పుడు ఆ యువకుడును అప్పుడప్పుడు గుమాస్తాతో రైలెక్కి మా బల్లకు వచ్చి, కాంట్రాలోని జలపాతపు కథను శ్రద్ధగా వినుచున్నాడు.

ఇంటిలో ఫోను లాగికొను తండ్రులను నేను నిందింపను. చదువు చెడుననియు కన్ను చెడుననియు వారి భయము నిజమైనదే. కాని లాగికొనునది ఫోను మాత్రమే. ఆ పిల్లవాడు దిగిన ద్వీపము, వాడు విడిచివచ్చిన జట్టు, చివరి వలయములో వాని గుండె కొట్టుకొనిన వేగము వానిలోపలనే యుండిపోవును, చెప్పుకొనుటకు మనిషి లేక. మా మేనల్లుడు తొలిసంవత్సరమున ఎవరితోడను మాటలాడనివాడు; మాస్టారు వానిని బలవంతముగా కాలువగట్టునకు తీసికొనివచ్చినది వాడు గదితలుపు మూసికొని ఆడుచున్నాడను దిగులుతోనే. మొదటిదినమున వాని నోటినుండి వచ్చినది ఒక్క వాక్యము. నేడు మాలో అందరికంటె ఎక్కువ మాటలాడువాడు వాడే. వారమునకు ఎంతసేపు ఆడుచున్నాడో దాచకుండ చెప్పువాడును వాడే.

కావున చదువరులకు నాదొక మనవి. ఈ సంచికను మడిచి ప్రక్కనబెట్టిన పిదప, మీ యింట ఏ మూలనో ఫోనుమీదికి వంగి కూర్చున్న పిల్లవాడో పిల్లయో ఉండకపోదు. ఆ ఆట ముగియువరకు ఆగుడు. ముగిసిన తరువాత ప్రక్కన కూర్చుండి, ‘ఎక్కడ దిగావు?’ అని అడుగుడు.